ఏఎంపీకే తీసేస్తే కాడ పొడవైంది, ఎక్కువగా పనిచేయిస్తే కాడ లావైందట: ఈ రెండూ ఎలా కుదురుతాయి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను డిక్టియోస్టీలియం డిస్కాయిడియం అనే స్లైమ్ మోల్డ్ మీద పని చేస్తున్నాను. ఈ జీవి గురించి తెలియనివారికి రెండు మాటలు చెబుతాను. ఇది మట్టిలో బ్యాక్టీరియాను తిని బతికే అమీబా. తిండి దొరికినంత కాలం ఏ కణం దారి దానిది. తిండి అయిపోగానే కణాలు సైక్లిక్ ఏఎంపీ అనే రసాయన సంకేతాన్ని పట్టుకుని ఒకచోటికి పాకి వస్తాయి. ఒక్కో గుంపులో లక్ష కణాల దాకా చేరవచ్చు. ఆ గుంపు స్లగ్ అనే పాకే ముద్దగా మారి కదులుతుంది, చివరికి సన్నని కాడ మీద సిద్ధబీజాల ముద్దతో ఫలనాంగం తయారవుతుంది. 22 డిగ్రీల దగ్గర ఇదంతా ఒక్క రోజులో అయిపోతుంది. సుమారు ఐదో వంతు కణాలు కాడలో చేరి చచ్చిపోతాయి, మిగతావి సిద్ధబీజాలుగా బతికిపోతాయి.

కణంలో శక్తి తగ్గినప్పుడు పనిచేసే ఏఎంపీకే అనే కైనేజ్ (ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ అతికించే) ఎంజైమ్ నా అంశం. దాని ఆల్ఫా ఉపఖండం జన్యువును తీసేసిన కణాలు నా దగ్గర ఉన్నాయి. వాటిలో గుంపులు చిన్నవిగా, చాలా ఎక్కువగా వస్తున్నాయి. అన్నీ ఒకేసారి ఎదగడం లేదు. వచ్చిన కొద్ది ఫలనాంగాల్లో కాడ పొడవు, సిద్ధబీజాల ముద్ద చిన్నది. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ఫలితాలతో ఇది సరిపోతోంది. అయితే ఆస్ట్రేలియాలోని లా ట్రోబ్ విశ్వవిద్యాలయం నుంచి 2007లో వచ్చిన పనిలో ఏఎంపీకేని నిరంతరం పనిచేసేలా చేసినా కాడ లావుగా వచ్చిందని ఉంది. లేకపోయినా కాడే, ఎక్కువైనా కాడేనా? మా గైడ్ "ఇది కాడ వైపా, సిద్ధబీజం వైపా, ముందు తేల్చు" అంటున్నారు.

ఇంకో సమస్య కూడా ఉంది. ఆకలి మొదలైతే ఏఎంపీకే ఫాస్ఫారిలేషన్ (దానికి ఫాస్ఫేట్ చేరడం) పెరగాలి కదా. ప్రొటీన్లను యాంటీబాడీతో గుర్తించే నా వెస్టర్న్ బ్లాట్‌లో సున్నా గంట దగ్గరే బ్యాండ్ చాలా గట్టిగా వస్తోంది, తర్వాత గంటల్లో తేడా కనబడటం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చూపండి.

జవాబు (కణజీవశాస్త్ర అధ్యాపకురాలు)

ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. ఆ రెండు పేపర్లూ ఒకదాన్నొకటి కొట్టేయడం లేదు. మీ గైడ్ గారి ప్రశ్నకు మాత్రం "ఇటు" అనో "అటు" అనో ఒక్క మాటలో జవాబు రాదు. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదట ఎంజైమ్ గురించి. ఏఎంపీకేలో మూడు ఉపఖండాలుంటాయి. ఆల్ఫా అసలు పని చేసే భాగం, బీటా, గామా దాన్ని అదుపు చేసేవి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయ్యే కొద్దీ ఏడీపీ పోగవుతుంది. అడినైలేట్ కైనేజ్ రెండు ఏడీపీలను కలిపి ఒక ఏటీపీ, ఒక ఏఎంపీ చేస్తుంది. అందుకే ఏటీపీ కొంచెం తగ్గినా ఏఎంపీ చాలా రెట్లు పెరుగుతుంది. ఆ ఏఎంపీ గామాకు అతుక్కుంటుంది. అప్పుడు ఆల్ఫాలోని ఒక థ్రియోనిన్ మీద, మానవ ఎంజైమ్ లెక్కలో 172వ స్థానంలో, పై కైనేజ్ (ఏఎంపీకేని పనిచేయించే మరో కైనేజ్) పెట్టిన ఫాస్ఫేట్ ఊడిపోకుండా నిలుస్తుంది. ఎంజైమ్ పని అందుకుంటుంది. రాబడి తగ్గిన ఇంట్లో కొత్త కొనుగోళ్లు ఆపి, ఉన్న గింజలు బయటికి తీసినట్టు, ఏఎంపీకే నిర్మాణ పనులు తగ్గించి, శక్తినిచ్చే పనులు పెంచుతుంది.

ఇప్పుడు 2007 నాటి పని. దాన్ని మీరు మళ్లీ ఒకసారి నింపాదిగా చదవండి, ఎందుకంటే అందులో ముఖ్యమైన విషయం కాడ లావు కాదు. వాళ్లు మైటోకాండ్రియాలో ప్రొటీన్లను సరిగ్గా మడిచే చాపెరోనిన్ 60ని, జన్యువు సందేశాన్ని అడ్డుకునే యాంటీసెన్స్ పద్ధతిలో తగ్గించారు. అంటే కణాలకు మైటోకాండ్రియా జబ్బు తెప్పించారు. ఆ కణాలు నెమ్మదిగా పెరిగాయి, వాటి స్లగ్‌లు వెలుతురు వైపు సరిగా వెళ్లలేకపోయాయి, ఆకారం చెడింది. ఎవరైనా "ఏటీపీ చాలక ఇలా అయింది" అనుకుంటారు. కానీ కొలిచి చూస్తే ఏటీపీ మామూలు స్థాయికి దగ్గరగానే ఉంది! బ్యాక్టీరియాను మింగడం, ద్రవాన్ని తాగడం శక్తి ఖర్చయ్యే పనులే, అయినా వాటికి ఏ లోటూ రాలేదు. అదే కణాల్లో ఏఎంపీకే ఆల్ఫాను కూడా తగ్గించగానే లోపాలన్నీ సర్దుకున్నాయి. జబ్బు లేని కణాల్లో నిరంతరం పనిచేసే ఆల్ఫాను పెడితే అవే లోపాలు వచ్చాయి. అంటే ఆకారాన్ని చెడగొట్టింది శక్తి కొరత కాదు, "కొరత ఉంది" అని ఆగకుండా వెళ్తున్న సంకేతం. ఈ జీవి మీద వచ్చిన పనుల్లో నాకు బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

వాళ్లు వాడిన ఆల్ఫా ముక్క కత్తిరించినది, అదుపు చేసే భాగం లేనిది. దాన్ని ఆపేవారు లేరు. 2017 పనిలో ఏఎంపీకే ఆల్ఫాను మామూలు కంటే ఎక్కువగా తయారుచేయించినప్పుడు కాడలు చిన్నవిగా, సిద్ధబీజాల ముద్దలు పెద్దవిగా వచ్చాయి. నా అంచనా ప్రకారం తేడా ఇక్కడే ఉంది. అదుపు భాగం ఉన్న ఆల్ఫాను ఎంత ఎక్కువ పెట్టినా అది బీటా, గామా చెప్పినట్టు వినాలి, పై కైనేజ్ ఫాస్ఫేట్ పెట్టాలి. అవసరం లేనప్పుడు ఊరుకుంటుంది. కత్తిరించిన ముక్కకు ఆ ఊరుకోవడం ఉండదు. ఈ రెంటినీ "ఎక్కువైంది" అని ఒకే గాట కట్టకూడదు. అలాగే యాంటీసెన్స్‌తో తగ్గించడం వేరు, జన్యువే లేకుండా చేయడం వేరు.

మీ కణాల్లో కాడ పొడవుగా ఎందుకొస్తోందన్నది ఇంకో దారి. దానికి గ్లూకోజ్ కథ కావాలి. సాయంత్రం రాస్తాను.

ఎమ్మెస్సీ విద్యార్థి

మేడమ్, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ జీవి సంకేతమే సైక్లిక్ ఏఎంపీ కదా. ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైమ్ దాన్ని విరగ్గొడితే ఏఎంపీ వస్తుంది. మరి సంకేతం వెలువడిన ప్రతిసారీ ఏఎంపీకే మేల్కోవాలి కదా?

అధ్యాపకురాలు

ఈ అనుమానం చాలామందికి వస్తుంది బాబూ. రెండు సంగతులు గుర్తుపెట్టుకో. ఒకటి, గుంపు కట్టేటప్పుడు కొన్ని నిమిషాలకోసారి వెలువడే సైక్లిక్ ఏఎంపీ కణం బయటికి వస్తుంది. దాన్ని విరగ్గొట్టే ప్రధాన ఎంజైమ్ కూడా బయటే ఉంది. అక్కడ పుట్టిన ఏఎంపీ పొర దాటి సులువుగా లోపలికి పోదు. ఏఎంపీకే చూసేది కణం లోపలి ఏఎంపీని. రెండు, లోపల కూడా రెగ్‌ఏ అనే ఫాస్ఫోడైఎస్టరేజ్ సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతుంది, కానీ సైక్లిక్ ఏఎంపీ మొత్తం మైక్రోమోలార్లలో ఉంటే ఏటీపీ నిల్వ మిల్లీమోలార్లలో ఉంటుంది. అందులోంచి వచ్చే ఏఎంపీ ఆ లెక్కను పెద్దగా కదిలించలేదు. సైక్లిక్ ఏఎంపీ లోపల నేరుగా పనిచేయించేది పీకేఏ అనే మరో కైనేజ్‌ని. పీకేఏ, ఏఎంపీకే పేర్లు దగ్గరగా ఉన్నా వేర్వేరు ఎంజైములు. సిద్ధబీజాలు పక్వం కావడానికి పీకేఏ తప్పనిసరి.

ప్రొటీన్ పనులు చేసే ఇంకో సభ్యుడు

సున్నా గంట బ్యాండ్ గురించి నేను చెబుతానండీ. మీ కణాలు నిజంగా సున్నా గంటలో ఉన్నాయా అన్నదే నా అనుమానం.

ఫ్లాస్క్‌లోంచి తీసి, సెంట్రిఫ్యూజ్ చేసి, కడిగి, మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేసి, ఐస్ మీద ఉంచి, అప్పుడు లైసిస్ చేస్తున్నారా (కణాలను పగలగొడుతున్నారా)? గొట్టం అడుగున ముద్దగా కూర్చున్న కణాలకు ఆక్సిజన్ అందదు. ఏఎంపీకే నిమిషాల్లో స్పందించే ఎంజైమ్. మీరు చూస్తున్నది ఆకలి కాదు, సెంట్రిఫ్యూజ్ పెట్టిన బాధ అయి ఉండవచ్చు. ప్రతి సమయానికీ నమూనాను వీలైనంత తక్కువసేపు తిప్పి, పైద్రవం తీసేసి, వెంటనే మరిగే ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌లో వేయండి. సున్నా గంటకు ఒకటి కడగకుండా, ఒకటి కడిగి, రెండు నమూనాలు పక్కపక్కన నడపండి. తేడా అక్కడే బయటపడుతుంది. మామూలు లైసిస్ బఫర్ వాడాల్సి వస్తే ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఆపే ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు మర్చిపోవద్దు.

ఇంకో మాట. మార్కెట్లో దొరికే ఫాస్ఫో యాంటీబాడీలను సాధారణంగా క్షీరదాల వరుసతో తయారుచేస్తారు. ఆ థ్రియోనిన్ చుట్టుపక్కల వరుస జీవులన్నిటిలో బాగా పోలి ఉంటుంది కాబట్టి పనిచేసే అవకాశం ఎక్కువే, అయినా మీ చేతిలో జన్యువు లేని కణాలు ఉన్నాయి కదా, వాటి లైసేట్ ప్రతి బ్లాట్‌లో ఒక లేన్‌లో ఉండాలి. అందులోనూ అదే బ్యాండ్ వస్తే మీరు చూస్తున్నది ఏఎంపీకే కానే కాదు. మొత్తం ఆల్ఫాకు కూడా ఒక బ్లాట్ కావాలి. ఫాస్ఫో సంకేతాన్ని దాంతో భాగించకుండా ఏమీ తేల్చకండి.

లోడింగ్ కంట్రోల్‌గా (ప్రతి లేన్‌లో ప్రొటీన్ సమానంగా పడిందో లేదో చూపేదిగా) యాక్టిన్ వాడుతున్నారా? ఈ జీవి వికాసంలో యాక్టిన్ స్థిరంగా ఉంటుందని నమ్మి కూర్చోకండి. మైటోకాండ్రియాలో బయోటిన్ అతికి ఉండే ఎంసీసీసీ1 అనే ప్రొటీన్‌ను బయోటిన్‌ను పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో నేరుగా చూపించే పద్ధతి 2013 నుంచీ ఉంది. వేరే యాంటీబాడీ అక్కర్లేదు. అయితే మీ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఏఎంపీకే మారితే మైటోకాండ్రియా మొత్తమే మారుతుందని పైన చెప్పిన 2007 పనిలోనే ఉంది. తగ్గిస్తే తగ్గాయి, పెంచితే పెరిగాయి. కాబట్టి ఒకే రకం కణాల్లో గంటల మధ్య పోలికకు ఇది పనికొస్తుంది కానీ, మామూలు రకమైన ఆక్స్2 కణాలనీ, జన్యువు తీసేసిన మీ మ్యూటెంట్‌నూ పోల్చేటప్పుడు మెంబ్రేన్ మీద మొత్తం ప్రొటీన్‌కు రంగు వేసి లెక్కగట్టడం మేలు.

పరిశోధక విద్యార్థిని

చాలా ధన్యవాదాలండీ. నేను నిజంగానే కడిగి, ఐస్ మీద పెట్టి, అన్ని నమూనాలూ పోగయ్యాకే లైసిస్ చేస్తున్నాను. రేపటి నుంచి మారుస్తాను. మేడమ్, గ్లూకోజ్ కథ కోసం ఎదురుచూస్తున్నాను. ఏఐసీఏఆర్ మందుతో ఏఎంపీకేని పెంచి చూడమని ఒకరు సలహా ఇచ్చారు, అది చేయనా?

అధ్యాపకురాలు

ముందు ఏఐసీఏఆర్ సంగతి. నేనైతే ఈ జీవిలో దాన్ని ప్రధాన సాక్ష్యంగా వాడను. అది అడినోసిన్‌ను పోలిన అణువు. డిక్టియోస్టీలియంలో అడినోసిన్‌కే సొంత పనులున్నాయి. గుంపు కట్టే పరిధిని పెంచుతుంది, ప్రీస్పోర్ (సిద్ధబీజాలు కాబోయే) కణాలు తయారవడాన్ని అడ్డుకుంటుంది. మీరు కొలవబోయేవి కూడా సరిగ్గా అవే, గుంపు పరిమాణం, ప్రీస్పోర్ పాలు. ఫలితం వచ్చినా అది ఏఎంపీకే వల్లనా, అడినోసిన్ లాంటి ప్రభావం వల్లనా అని విడదీయడం కష్టం. కాంపౌండ్ సి అనే నిరోధకం కూడా చాలా కైనేజ్‌లను పట్టుకుంటుంది. మీ దగ్గర జన్యువు లేని కణాలే ఉండగా మందుల వెంట పడటం ఎందుకు? అదే జన్యువును తిరిగి పెట్టి లోపం సర్దుకుందో లేదో చూడండి. పరీక్షకులు అడిగేదీ అదే.

ఇక గ్లూకోజ్. డిక్టియోస్టీలియం కణాలు ఆకలి మొదలయ్యాక కౌంటింగ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ సముదాయాన్ని బయటికి వదులుతాయి. దాని పరిమాణం సుమారు 450 కిలోడాల్టన్లు. చుట్టూ ఇది ఎంత ఎక్కువ పోగైతే కణాలు "మనం చాలామందిమి ఉన్నాం" అన్నట్టు ప్రవర్తిస్తాయి. ఒకదానికొకటి అతుక్కోవడం తగ్గుతుంది, కదలిక పెరుగుతుంది, పాకి వస్తున్న కణాల బారు ముక్కలై చిన్న గుంపులవుతాయి. ఈ ఫ్యాక్టర్‌లో భాగమైన కౌంటిన్ జన్యువు లేని కణాలు భారీ గుంపులు కడతాయి. ఆ ఫ్యాక్టర్‌ను ఎక్కువగా వదిలే ఎస్ఎమ్ఎల్ఏ మ్యూటెంట్లు చిన్న చిన్న గుంపులు కడతాయి. ఈ ఫ్యాక్టర్ కణం లోపలి గ్లూకోజ్‌ను తగ్గించడం ద్వారా ఈ పని చేస్తుందని 2002లో తేలింది. బయటి నుంచి 1 మిల్లీమోలార్ గ్లూకోజ్ ఇస్తే గుంపులు పెద్దవయ్యాయి.

ఇప్పుడు 2017 పేపర్ పక్కన పెట్టుకోండి. ఏఎంపీకే ఆల్ఫా లేని కణాలు ఆకలిలో ఉన్నప్పుడు వాటిలో గ్లూకోజ్ తక్కువ. గ్లూకోజ్ ఇస్తే గుంపులు పెద్దవయ్యాయి. ఆ కణాలను ఉంచిన ద్రవాన్ని తీసి ఆక్స్2 కణాలకు పెడితే అవీ చిన్న గుంపులు కట్టాయి. ఆక్స్2లో 5 శాతం మ్యూటెంట్ కణాలు కలిపినా చాలు, గుంపులు చిన్నవయ్యాయి. అంటే లోపం ఆ కణాల లోపలే ఆగిపోలేదు, బయటికి వదిలే దేనిలోనో కూడా ఉంది.

కాడ సంగతికి వద్దాం. 1973లోనే ఒక ప్రయోగం జరిగింది. గ్లూకోజ్‌తో పెంచిన కణాలనూ గ్లూకోజ్ లేకుండా పెంచినవాటినీ కలిపి వికాసానికి పెడితే, గ్లూకోజ్ తిన్నవి ఎక్కువగా సిద్ధబీజాల వైపు, తిననివి కాడ వైపు వెళ్లాయి. కాబట్టి గ్లూకోజ్ తక్కువ ఉన్న మీ మ్యూటెంట్‌లో ప్రీస్టాక్ (కాడ కాబోయే) భాగం పెరగడం నాకు ఆశ్చర్యంగా లేదు. ఏఎంపీకే "కాడ ఎంజైమ్" అనో "సిద్ధబీజం ఎంజైమ్" అనో అనేకంటే, ఆకలి వేళ కణం తన శక్తి లెక్క సరిచూసుకునే చోట అది ఉందనీ, ఆ లెక్క ఏ వైపు తప్పినా కణాల వాటా కూడా తప్పుతుందనీ రాయండి. మీ గైడ్ గారికి ఈ వాక్యం నచ్చకపోతే 2007, 2017 పట్టికలు రెండూ ముందు పెట్టి మాట్లాడండి. అవి ఆయన్ని ఒప్పిస్తాయనే నా నమ్మకం.

కానీ దానికి ముందు మీ కొలతలు గట్టిగా ఉండాలి. కణాలు పెంచే ద్రవం ఆక్స్2కూ మ్యూటెంట్‌కూ ఒకటేనా? ఒకే సాంద్రత దగ్గర తీస్తున్నారా? కణాలు పెంచే హెచ్ఎల్5 ద్రవంలో గ్లూకోజ్ ఉంటుంది, మిల్లీలీటరుకు 20 నుంచి 40 లక్షల కణాలు దాటనివ్వకండి. సాంద్రత పెరిగితే తిండి ఉండగానే కణాలు ఆకలికి సిద్ధమవడం మొదలుపెడతాయి. మ్యూటెంట్ నెమ్మదిగా పెరిగితే ఈ తప్పు తెలియకుండానే దూరుతుంది. కాడ పొడవును మాత్రమే కొలవకండి. చిన్న గుంపులో కాడ పొడవుగా కనిపించినంత మాత్రాన కణాలు ఎక్కువ కాడలోకి వెళ్లాయని కాదు, సన్నగా సాగి ఉండవచ్చు. ఈసీఎమ్‌ఏ (ప్రీస్టాక్), పీఎస్‌పీఏ (ప్రీస్పోర్) జన్యువుల ప్రమోటర్లతో, రంగు తెప్పించే ల్యాక్‌జెడ్ జన్యువు పెట్టి స్లగ్‌లకు రంగు వేసి ప్రీస్టాక్, ప్రీస్పోర్ భాగాలు విడివిడిగా కొలవండి. ఆక్స్2 కణాలను పలచగా పరిచి చిన్న స్లగ్‌లు తెప్పించి, అదే పరిమాణంలో ఉన్న మ్యూటెంట్ స్లగ్‌లతో పోల్చండి. మామూలు స్లగ్‌లలో పరిమాణం మారినా వాటా దాదాపు నిలకడగా ఉంటుంది, కాబట్టి ఈ పోలిక మీకు చాలా బలం.

ఇంకో సభ్యురాలు

మా పిల్లల సైన్స్ ప్రాజెక్టుకు పసుపు రంగు ఫైసారమ్ పెంచుతున్నాం. దానికీ ఇదంతా వర్తిస్తుందా అండీ?

అధ్యాపకురాలు

నేరుగా వర్తించదండీ. ఫైసారమ్ ఒకే పెద్ద కణం, లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు. అక్కడ విడి కణాలు పాకి వచ్చి గుంపు కట్టడం లేదు, కాబట్టి గుంపు పరిమాణం ప్రశ్నే రాదు. ఆరిపోతే గట్టి పొలుసులా మారి మళ్లీ తడి తగిలేదాకా ఉంటుంది. ఆకలితో పాటు వెలుతురు కూడా తగిలితే సిద్ధబీజాలు వేస్తుంది. పిల్లలకు చూపించడానికి చాలా బాగుంటుంది, తప్పకుండా పెంచండి.

పరిశోధక విద్యార్థిని

మేడమ్, చివరిగా ఒకటి. మ్యూటెంట్, ఆక్స్2 కలిపి వికాసానికి పెట్టి, మ్యూటెంట్ కణాలు స్లగ్‌లో ఎటు చేరతాయో చూద్దామనుకుంటున్నాను. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?

అధ్యాపకురాలు

తప్పకుండా చేయండమ్మా. ఒక రకం కణాలకు జీఎఫ్‌పీ (వెలిగే ప్రొటీన్) గుర్తు పెట్టి కలపండి, తర్వాత గుర్తును రెండో రకానికి మార్చి మళ్లీ చేయండి, ఎందుకంటే గుర్తు పెట్టే ప్లాస్మిడ్, దాన్ని నిలిపే జీ418 మందు కూడా కణాల దారిని కొంచెం మార్చగలవు. ఆక్స్2లో గుర్తున్న ఆక్స్2 కలిపిన కంట్రోల్ ఉండాల్సిందే. 50-50 మిశ్రమం ఒక్కటే చేయకండి, మ్యూటెంట్ 5 శాతం ఉన్నదీ, ఆక్స్2 5 శాతం ఉన్నదీ రెండూ పెట్టండి. 5 శాతం మ్యూటెంట్ కలిపినప్పుడే గుంపులన్నీ చిన్నవవుతాయని ముందే తెలుసు, కాబట్టి ఆ మిశ్రమంలో పరిమాణాన్ని కాక మ్యూటెంట్ కణాలు ముందు భాగంలో ఉన్నాయా వెనక ఉన్నాయా అన్నదే నమోదు చేయండి. ముందుకు చేరితే కాడ వైపు మొగ్గు ఆ కణాల సొంతం. అంతటా సమానంగా పరుచుకుంటే, మీరు విడిగా చూసిన లోపంలో ఎక్కువ భాగం బయటికి వదిలిన దాని వల్ల వచ్చిందన్నమాట. చివర్లో ఫలనాంగాలు పోగుచేసి, డిటర్జెంట్‌తో కడిగి బతికిన సిద్ధబీజాలను క్లెబ్సియెల్లా బ్యాక్టీరియా పరిచిన ప్లేట్ల మీద వేయండి. వచ్చిన మచ్చల్లోంచి కణాలు తీసి బ్లాస్టిసిడిన్ అనే యాంటీబయాటిక్‌లో పెడితే, మీ మ్యూటెంట్‌లో ఆ నిరోధక జన్యువు ఉంది కాబట్టి, ఎన్ని మ్యూటెంట్‌వో లెక్క తేలుతుంది. బ్లాట్లు, ఈ మిశ్రమాలు వచ్చాక ఫోటోలతో ఇక్కడే పెట్టండి, కలిసి చూద్దాం.